మహాగాయకుల చర్చలో సుశీలమ్మకూ కుర్చీ వేయండి

విజయవాడ, గుంటూరు నగరాలలో సినీ సంగీత విభావరులు, జయంతి సభలు, వర్ధంతి సభలు నిర్వహిస్తున్న సాంస్కృతిక సంఘాల అధ్యక్ష, కార్యదర్శులకు, కార్యవర్గ సభ్యులకు

ఆర్యులారా, నమస్కారములు.

ఫిబ్రవరి 11న, డిసెంబరు 4న ఘంటసాల మాస్టారి పేరిట, జూన్ 4న, సెప్టెంబరు 25న బాలు గారి పేరిట మన రెండు నగరాలలో జరిగే సభలకు వీలు చేసుకుని వచ్చే శ్రోతలలో నేనూ ఒకతెను. తుమ్మలపల్లి కళాక్షేత్రంలో జరిగినా, గాంధీనగరం హనుమంతరాయ గ్రంథాలయంలో జరిగినా, మా గుంటూరు వేంకటేశ్వర విజ్ఞాన మందిరంలో జరిగినా ఆ సభ వెనుక ఎంత శ్రమ ఉంటుందో నాకు తెలుసు. చందాలు పోగుచేయాలి, వాద్య బృందాన్ని కుదుర్చుకోవాలి, హాలు అద్దె కట్టాలి, పాడేవారి అలకలు తీర్చాలి. ఇంత చేసి మీరు ఉచితంగా పాట వినిపిస్తున్నారు. ఆ కృతజ్ఞత మనసులో ఉంచుకునే ఈ లేఖ రాస్తున్నాను.

నా విన్నపం మీ సభల్లో కొంతకాలంగా స్థిరపడిన ఒక అలవాటు గురించి. నాలుగైదు పాటలు అయ్యాక వ్యాఖ్యాత మైకు అందుకుని, తెలుగు సినిమా పాటకు మహాగాయకుడు ఘంటసాలా, బాలసుబ్రహ్మణ్యమా అని అడుగుతారు. మాస్టారి వైపు వారు చప్పట్లు కొట్టండి అంటారు, తరువాత బాలు గారి వైపు వారిని కొట్టమంటారు. కొన్నిచోట్ల ఫోన్లలో ఓట్లు కూడా వేయిస్తున్నారు. ఎక్కడ అడిగినా పేర్లు ఆ రెండే. మూడో పేరు కోసం ఎవరూ ఆగరు.

గొప్ప గాయకులెవరన్న చర్చే తప్పని నేను అనడం లేదు. కళను ప్రేమించేవారు తరతమాలు ఎంచుకోవడం సహజం, ఆరోగ్యకరం కూడా. తెనాలి, గుంటూరు, బెజవాడ నాటకశాలల్లో ‘వన్స్‌మోర్’ అని కేకలు వేసి ఒకే పద్యాన్ని మళ్లీ మళ్లీ పాడించుకుని, ఎవరి గొంతులో ఎంత బలముందో అక్కడికక్కడే తేల్చిన శ్రోతల వారసులం మనం. అటువంటి చెవులున్న ప్రాంతంలో ఈ చర్చ ఇద్దరు పురుషుల మధ్య పోటీగా కుదించుకుపోవడమే నా బాధ. నన్ను అడిగితే తెలుగు సినిమా పాటకు అందరికన్న గొప్ప గొంతు పులపాక సుశీల గారిది. ఈ మాట ఎవరి మీదా కోపంతో అనడం లేదు. ఎందుకంటున్నానో వివరంగా చెప్పుకునే అవకాశం ఇవ్వండి.

మొదట మీరు నిలబెట్టిన ఇద్దరి గురించే మాట్లాడతాను, వారిని తక్కువ చేసి సుశీలమ్మను ఎక్కువ చేయవలసిన అగత్యం లేదు. ఘంటసాల మాస్టారు గుడివాడ దగ్గర చౌటపల్లిలో పుట్టి, విజయనగరం వెళ్లి పట్రాయని సీతారామశాస్త్రి గారి వద్ద సంగీతం నేర్చుకుని, 1942 ఉద్యమంలో జైలుకు వెళ్లి వచ్చిన మనిషి. పద్యాన్ని ఆయన మార్చిన తీరు మన ప్రాంతం వారికి ప్రత్యేకించి చెప్పనక్కరలేదు. నాటకాల్లో పద్యం చివర రాగం తీయడం మొదలుపెడితే అర్థం ఎక్కడో వెనకబడిపోయేది. మాస్టారు ఆలాపనను కుదించి, పదాన్ని ఎక్కడ విరవాలో అక్కడే విరిచి, పద్యం వింటున్నవాడికి అర్థం ముందు తగిలి రాగం తరువాత తగిలేలా పాడారు. మా గుంటూరు ఏ.సీ. కళాశాలలో పాఠాలు చెప్పిన కవి కరుణశ్రీ గారి ‘పుష్పవిలాపం’ పద్యాలు చదువురాని వారి నోళ్లలో కూడా నానడానికి కారణం ఆ గొంతే. ఇక 1961లో ‘జగదేకవీరుని కథ’ కోసం పెండ్యాల నాగేశ్వరరావు గారి స్వరరచనలో పాడిన ‘శివశంకరీ’ని నేటికీ పోటీల్లో ఎత్తుకోవడానికి పిల్లలు జంకుతారు.

బాలు గారి గొప్పదనం మరో రకానిది. 1966లో ఎస్.పి. కోదండపాణి గారి చేతుల మీదుగా సినిమా పాటలోకి వచ్చిన ఆయన, తెర మీద ఉన్నది ఎవరో కళ్లు మూసుకున్నా తెలిసేలా పాడారు. ‘ముత్యాలూ వస్తావా’ పాటలో అల్లు రామలింగయ్య గారి గొంతే పాడుతున్నట్టు ఉంటుంది. ఆ గొంతే ‘శంకరాభరణం’లో ఒక వృద్ధ విద్వాంసుడి శాస్త్రీయ గానమై జాతీయ పురస్కారం తెచ్చుకుంది. ఆరుసార్లు ఆ పురస్కారం పొందినవారు ఆయన. పైగా 1996 నుంచి ‘పాడుతా తీయగా’ వేదిక మీద ఎంతమంది పిల్లలకు ఉచ్చారణ దిద్దారో, ఎంతమంది మరచిపోయిన రచయితల పేర్లు గుర్తు చేశారో మనమంతా చూశాం. ఆ కార్యక్రమం పేరే ‘మూగమనసులు’లో మాస్టారు పాడిన పాటకు ఎత్తుగడ.

అసలు వీరిద్దరినీ ఎదురెదురుగా నిలబెట్టడమే సరికాదని నాకు అనిపిస్తుంది. 1969లో విశ్వనాథ సత్యనారాయణ గారి నవల ఆధారంగా తీసిన ‘ఏకవీర’లో ‘ప్రతి రాత్రి వసంత రాత్రి’ పాటను ఇద్దరూ కలిసి పాడారు. కొత్తగా వచ్చిన యువకుడి పక్కన నిలబడి మాస్టారు పాడిన తీరులో, మాస్టారి పక్కన నిలబడి ఆ యువకుడు పాడిన తీరులో పోటీ అనేదే వినిపించదు. పైగా ఇద్దరి కాలాలూ వేరు. మాస్టారి కాలంలో గాయకులు, వాద్యకారులు ఒకే గదిలో చేరి మొత్తం పాట ఒకేసారి పాడి, వాయించి రికార్డు చేసేవారు. చివరి చరణంలో ఒక వాద్యకారుడు తడబడినా పాట మొదటి నుంచి మళ్లీ అందుకోవలసిందే. బాలు గారి కాలం సగం గడిచేసరికి వాద్యాలు ఒక ట్రాకు మీద, గొంతు మరో ట్రాకు మీద విడివిడిగా ఎక్కించే సదుపాయం వచ్చింది. ఒక పంక్తి మాత్రమే తిరిగి పాడి అతికే వీలు వచ్చింది. ఇది బాలు గారి ప్రతిభను తగ్గించే మాట కాదు, ఆయన తొలి పదేళ్ల పాటలు పాత పద్ధతిలో పాడినవే. కాని రెండు కాలాల రికార్డులను పక్కపక్కన పెట్టి చప్పట్లతో తీర్పు చెప్పడం మాత్రం న్యాయం కాదు.

ఈ రెండు కాలాలనూ కలిపి కొలిచే సాధనం ఒకటి మన దగ్గరే ఉంది. అది సుశీల గారి గొంతు. ఆమె ఇద్దరితోనూ పాడారు. ఒకే బాణీని, ఒకే మైకు ముందు, ఒకే రోజున ఇద్దరు గాయకులు పంచుకున్నప్పుడు శ్రుతి, ఉచ్చారణ, భావం మూడూ పక్కపక్కనే వినిపిస్తాయి. దయచేసి ‘గుండమ్మ కథ’లోని ‘ఎంత హాయి ఈ రేయి’ని ఒకసారి శ్రద్ధగా వినండి. మాస్టారి గంభీరమైన గొంతుకు ఆమె ఎక్కడా లొంగిపోదు, దానితో పోటీకీ దిగదు. తన పంక్తి వచ్చినప్పుడు పాట ఒక మెట్టు తేలికపడి పైకి లేస్తుంది. తరువాత ‘సిరిసిరిమువ్వ’లోని ‘ఝుమ్మంది నాదం’ వినండి. బాలు గారి చురుకైన గొంతు పక్కన ఆమె చురుకుదనం ఏమీ తగ్గలేదు. ఆ పాటకు జాతీయ పురస్కారం వచ్చింది సుశీల గారికే. బాలు గారి ఘనతను చప్పట్లతో కొలిచే సభల్లో ఆ పాట పాడించి కూడా, పురస్కారం పొందిన గొంతు పేరు ఎత్తకుండా ముందుకు వెళ్లిపోవడం నేను చూశాను. అది ఎవరో కావాలని చేసినది కాదు. అలవాటుగా మారిన మరపు.

ఘంటసాల మాస్టారి తీర్పు ఏమిటో తెలుసుకోవాలన్నా దారి ఉంది. ఆయన గాయకుడు మాత్రమే కాదు, సంగీత దర్శకుడు కూడా. ‘గుండమ్మ కథ’కు సంగీతం ఆయనదే. ‘అలిగిన వేళనే చూడాలి’ పాటను సుశీల గారికి ఇచ్చారు. 1963లో విడుదలైన ‘లవకుశ’ సంగీతమూ ఆయనదే. రామాయణ కథంతా పాటగా చెప్పవలసిన ఆ చిత్రంలో కథ చెప్పే బాధ్యతను లీల గారికీ సుశీల గారికీ అప్పగించారు. లవకుశుల పాటలకు గొంతులు ఆ ఇద్దరివే. ‘రామకథను వినరయ్యా’, ‘వినుడు వినుడు రామాయణ గాథ’ పాటలు పందిళ్ల కింద లౌడ్‌స్పీకర్లలో మోగని శ్రీరామనవమి మన కృష్ణా, గుంటూరు జిల్లాల్లో ఉందా? ఆ ఇద్దరు స్త్రీల గొంతులు విని మన ఊళ్లు కన్నీళ్లు పెట్టుకున్నాయి. మహాగాయకుల లెక్క వచ్చేసరికి మాత్రం ఆ రెండు పేర్లూ జాబితాలో ఉండవు. ఇది నాకు నిజంగా కష్టం కలిగిస్తుంది.

సుశీల గారి గొప్పదనం ఎక్కడుందో నా ఎరుక మేరకు చెబుతాను. విజయనగరంలో పుట్టి, మాస్టారు చదివిన ఆ మహారాజా వారి సంగీత కళాశాలలోనే చదివి, పెండ్యాల వారి ప్రోత్సాహంతో 1953లో ‘కన్నతల్లి’ చిత్రంతో పాటలోకి వచ్చారు. రెండేళ్లకు ‘మిస్సమ్మ’లో ‘బాలనురా మదనా’ పాడినప్పుడు ఆమెకు ఇంకా ఇరవై ఏళ్లు నిండలేదు. ఆ పాటలో ప్రతి అక్షరమూ దాని దాని స్థానం నుంచే పుడుతుంది. శ, ష, స మూడింటికీ తేడా, ఒత్తులకు ఒత్తు, దీర్ఘానికి తగినంత నిడివి, ఏదీ అతిగా పలకదు, ఏదీ మింగదు. తెలుగు అక్షరం ఎలా పలకాలో పిల్లలకు నేర్పవలసి వస్తే నేను ఇప్పటికీ ఆమె పాటనే పెడతాను. ఉచ్చారణ ఇంత శుద్ధంగా ఉన్నప్పుడు పాట పాఠంలా బిగుసుకుపోయే ప్రమాదం ఉంటుంది. ఆమె పాటలో ఆ బిగువు ఎప్పుడూ రాలేదు. గమకం, అంటే స్వరాన్ని ఊపి పలికే తీరు కూడా మాట నుంచి మొలిచినట్టే ఉంటుంది, తగిలించినట్టు ఉండదు.

ఒక్క 1964 సంవత్సరాన్నే తీసుకోండి. ‘మూగమనసులు’లో దాశరథి గారి ‘గోదారీ గట్టుంది’ పాడింది ఆమె. అదే ఏడు ‘డాక్టర్ చక్రవర్తి’లో సాలూరి రాజేశ్వరరావు గారి బాణీలో ‘నీవులేక వీణ’, ‘పాడమని నన్నడగవలెనా’ పాడిందీ ఆమే. మొదటిది పల్లెపిల్ల గొంతు, అందులో అల్లరి, పొగరు, గట్టు మీద గాలి ఉన్నాయి. తరువాతి రెండూ చదువుకున్న ఇంటి ముందుగదిలో, మనసులో మాట పైకి చెప్పుకోలేని స్త్రీ పాడుకునే పాటలు. అంతకు ముందటి ఏడాది ‘నర్తనశాల’లో ‘జననీ శివకామినీ’ పాడారు. అది ప్రార్థన. ఈ నాలుగు పాటల్లోనూ గొంతు ఒకటే, ఎక్కడా మార్చి అనుకరించినట్టు ఉండదు. కాని మనిషి మాత్రం నాలుగుసార్లు మారిపోతుంది. గొంతు మార్చకుండా మనిషిని మార్చడం అన్ని విద్యల్లోకీ కష్టమైనదని నా నమ్మకం. బాలు గారు గొంతునే మార్చి మనుషులను సృష్టించారు, అదీ గొప్పే. నాకు మాత్రం మొదటిది మరింత ఎత్తున కనిపిస్తుంది.

మన ప్రాంతపు సొత్తు ఒకటి కూడా ఆమె గొంతులో భద్రంగా ఉంది. బాపట్లకు చెందిన స్థానం నరసింహారావు గారు ‘శ్రీకృష్ణ తులాభారం’ నాటకంలో సత్యభామ వేషం కట్టి ‘మీరజాలగలడా నా యానతి’ అని పాడుతుంటే జనం ఊగిపోయేవారని పెద్దలు చెప్పేవారు. 1966లో అది సినిమాగా వచ్చినప్పుడు ఆ పాట పాడవలసి వచ్చింది సుశీల గారికి. స్త్రీ పాత్ర కోసం ఒక పురుషుడు అంత పేరు తెచ్చిన పాటను, ఆ పేరు చెడకుండా, ఆ నాటకపు ఠీవి పోకుండా, సినిమా పాట నిడివిలోకి ఒదిగించి పాడడం సామాన్యమా? సత్యభామ అహంకారం అందులో ప్రతి మలుపులోనూ ఉంది. నేడు ఆ పాట అనగానే తెలుగువారి చెవిలో మోగేది ఆమె గొంతే.

అంకెల మాట కూడా వస్తుంది కనుక క్లుప్తంగా చెబుతాను. బాలు గారు నలభై వేల పాటలు పాడారు కనుక ఆయనే గొప్ప అన్న వాదన సభల్లో తరచు వింటున్నాం. పాటల సంఖ్యే కొలత అయితే యాభై ఒక్క ఏళ్లకే కన్నుమూసిన మాస్టారిని పోటీలోకి తేవడమే అన్యాయం. సుశీల గారి పేరిట కూడా 17,695 పాటలతో 2016లో గిన్నిస్ రికార్డు నమోదైంది. అయితే ఆ అంకె చూసి నేను ఆమెను గొప్ప అనడం లేదు. పురస్కారాల మాటకొస్తే, ఉత్తమ నేపథ్య గాయనికి జాతీయ పురస్కారం మొదలైన 1968లో మొట్టమొదట అందుకున్నది ఆమే, అదీ తమిళ పాటకు. ఆ తరువాత మరో నాలుగుసార్లు వచ్చింది.

మా గుంటూరు వారు ఇక్కడ నాకు అడ్డు తగలవచ్చు. జానకమ్మ సంగతేమిటని అడగవచ్చు. రేపల్లె తాలూకా పల్లపట్లలో పుట్టిన ఎస్. జానకి గారు మా ఉమ్మడి గుంటూరు జిల్లా ఆడపడుచు. ‘మురిపించే మువ్వలు’లో కారుకురిచి అరుణాచలం గారి నాదస్వరంతో పోటాపోటీగా ‘నీ లీల పాడెద దేవా’ పాడగలిగిన గొంతు మరొకటి లేదు. ‘పూజాఫలం’లోని ‘పగలే వెన్నెల’ విన్నప్పుడల్లా నా అభిప్రాయం ఒక్క క్షణం ఊగిసలాడుతుంది. ‘సితార’లో ‘వెన్నెల్లో గోదారి అందం’ విన్నప్పుడు కూడా అంతే. పసిపిల్ల గొంతు నుంచి ముసలి గొంతు దాకా ఆమె పలికించని వయసు లేదు. సొంత ఊరి అభిమానం లాగుతున్నా, తెలుగు మాట పలికే తీరు దగ్గర నేను సుశీల గారి వైపే మొగ్గుతాను. ఎవరైనా జానకి గారి వైపు వాదిస్తే సంతోషంగా కూర్చుని వింటాను. అలాంటి వాదన ఒక్కసారైనా మీ వేదిక మీద జరగాలనే నా కోరిక. జిక్కి గారి ‘పులకించని మది పులకించు’, భానుమతి గారి ‘మనసున మల్లెల మాలలూగెనే’ కూడా ఆ చర్చలో మోగాలి.

ఇలా ఎందుకు జరిగిందో ఆలోచిస్తే కారణం కొంతవరకు మన ఊళ్లలోనే ఉంది. గాంధీనగరం ఫిల్మ్ డిస్ట్రిబ్యూటర్ల వీధుల్లో, థియేటర్ల ముందు కటౌట్ల కింద పెరిగిన అభిమానం మనది. పాటను కథానాయకుడి పాటగా గుర్తుపెట్టుకుంటాం. ఎన్టీఆర్ పాట, ఏఎన్నార్ పాట అంటాం, ఆ అభిమానమే గాయకుడికీ సంక్రమిస్తుంది. కథానాయిక పాడిన పాటకు అటువంటి సైన్యం వెనుక నిలబడలేదు. మన విజయవాడ సంగీత కళాశాలకు మాస్టారి పేరు పెట్టుకున్నాం, అది అన్ని విధాలా సముచితం. జయంతులు, వర్ధంతులు, విగ్రహాలు ఉన్నవారి చుట్టూ సభలు ఏర్పడతాయి, సభలు ఏర్పడినచోట చర్చ వారికే పరిమితమవుతుంది. ఇందులో దురుద్దేశం లేదని నాకు తెలుసు. దాని ఫలితం మాత్రం ఆడపిల్లల మీద పడుతోంది.

నేను ఇంటి దగ్గర లలిత సంగీతం చెబుతాను. వచ్చేవారిలో ఎక్కువమంది ఆడపిల్లలు. పోటీలకు వెళ్లేటప్పుడు వారికిచ్చే పాటల జాబితాలో మాస్టారి పాటలు, బాలు గారి పాటలే నిండి ఉంటున్నాయి. కరోకే ట్రాకు మగవారి శ్రుతిలో ఉంటుంది. ఐదున్నర శ్రుతిలో హాయిగా పాడే పిల్ల ఆ ట్రాకు మీద కింది మంద్ర స్వరాలు అందక, పైకి ఎత్తుకుంటే పై తారస్థాయి అందక నలిగిపోతుంది. న్యాయనిర్ణేతలు మార్కులు తగ్గిస్తారు. ఆ పిల్ల తనకు గొంతు లేదనుకుంటుంది. సుశీల గారి పాట ఒక్కటి జాబితాలో ఉండి ఉంటే అదే పిల్ల సభను మెప్పించేది.

అందువల్ల మిమ్మల్ని కోరేది ఇది. చప్పట్ల ఓటింగును ఆపి, దాని స్థానంలో వినికిడి చర్చ పెట్టండి. అసలు రికార్డులను మంచి స్పీకర్ల మీద వినిపించి, ఒక్కో పాట మీద ఇద్దరు ముగ్గురు సంగీతం తెలిసినవారు మాట్లాడాలి, వారిలో స్త్రీలు తప్పనిసరిగా ఉండాలి. ఘంటసాల, సుశీల కలిసి పాడిన పాట ఒకటి, బాలు, సుశీల కలిసి పాడిన పాట ఒకటి, జానకి గారి ఏకగళం ఒకటి, లీల, జిక్కి గార్లవి చెరొకటి ఉంటే ఒక సాయంత్రం నిండుతుంది. పాట ప్రకటించేటప్పుడు గాయనీ గాయకులందరి పేర్లు, రచయిత, సంగీత దర్శకుడు చెప్పించండి. దీనికి ఖర్చు లేదు. పిల్లల పోటీల్లో ఆడపిల్లలకు వేరే జాబితా, వేరే శ్రుతిలో ట్రాకులు ఏర్పాటు చేయండి. చర్చ ముగిశాక సభ మాస్టారినే ఎన్నుకుంటే నాకు అభ్యంతరం లేదు. అందరి పేర్లూ విన్నాక ఎన్నుకున్న ఎంపిక కనుక దానికి విలువ ఉంటుంది.

సుశీల గారి పుట్టినరోజు నవంబరు 13. ఈ ఏడాది ఆ రోజున విజయవాడలో కాని, గుంటూరులో కాని ఆమె పాటల మీద పూర్తి సభ ఒకటి జరిపించమని ప్రార్థిస్తున్నాను. కార్తీకంలో హాళ్లు దొరకడం కష్టం కనుక ముందుగా తేదీ ఖాయం చేసుకోవలసి ఉంటుంది. సంవత్సరాల వారీగా ఆమె తెలుగు పాటల జాబితా ఒకటి నా దగ్గర సిద్ధంగా ఉంది, ఏ సంఘం వారు అడిగినా పంపుతాను. ఆ సభలో పాడడానికి మా పిల్లలు ‘మీరజాలగలడా’ సాధన మొదలుపెట్టారు.

ఇట్లు,
భవదీయురాలు,
లలిత సంగీతం బోధించే ఒక శ్రోత,
బ్రాడీపేట, గుంటూరు